చూపు మందగించినా చదవడం మానక్కర్లేదు: దీర్ఘకాలిక వ్యాధులున్న పాఠకులకు ఉన్న దారులు, హక్కులు

‘కళ్లు లాగుతున్నాయి, పేపరు చదవడం మానేశాను.’ పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఇది. షుగర్, కీళ్లవాతం, థైరాయిడ్ వంటి జబ్బులతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారి నోట నలభై, యాభై ఏళ్లకే వస్తుంది. ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోరు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో, ఏం తినకూడదో డాక్టరు చెబుతారు. రోజూ గంటసేపు చదివే అలవాటు ఏమైందని అడిగేవారు మాత్రం తక్కువ. అలా ఒక మనిషి జీవితంలోంచి నవల, వారపత్రిక, పారాయణ గ్రంథం చప్పుడు లేకుండా తప్పుకుంటాయి.

అయితే ఇలా మానేసినవారిలో చాలామందికి మానాల్సిన అవసరం ఉండదు. చదివే పద్ధతి మార్చుకుంటే సరిపోతుంది. అందుకు పరికరాలున్నాయి, చట్టం కూడా అండగా ఉంది. తెలుగు పాఠకుడికి మాత్రం ఒక అదనపు అడ్డంకి ఉంది. అది కంటిలో లేదు, మన పుస్తకాలు తయారయ్యే తీరులో ఉంది.

చదివితే చూపు తగ్గుతుందా?

తగ్గదు. వాడితే అరిగిపోయే వస్తువు కాదు చూపు. గ్లకోమా, మధుమేహం వల్ల రెటీనాకు వచ్చే జబ్బు, వయసుతో వచ్చే మాక్యులా క్షీణత వంటివి చదవడం వల్ల ముదరవు. మిగిలిన చూపును దాచుకుంటే ఎక్కువ కాలం వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పెద్దవాళ్లు మసక వెలుతురులో చదివినా కంటికి శాశ్వత నష్టం జరగదు, అలసట మాత్రం వస్తుంది.

ఆ అలసటకు కారణం ఉంది. చదివేటప్పుడు, ముఖ్యంగా తెర మీద చదివేటప్పుడు, మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది. కంటి మీది తడి పొర ఆరిపోయి మంట, మసక, తలనొప్పి వస్తాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనే సలహా ఇందుకే. కంటి ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెబితే అది వేరే సంగతి, పాటించాల్సిందే.

అలసటతో కలిపి చూడకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారడం, కంటి ముందు నల్లటి చుక్కలు గుంపుగా కనిపించడం, మెరుపులు, ఒక పక్కనుంచి తెర దించినట్టు ఉండటం, తిన్నగా ఉండాల్సిన వరుసలు వంకరగా కనిపించడం వంటివి. వీటిలో ఏది కనిపించినా కళ్లద్దాలు మార్చుకుందాంలే అనుకోకుండా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఏ జబ్బు చదవడాన్ని ఎలా దెబ్బతీస్తుంది?

మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కంటి లోపలి కటకం నీరు పీల్చుకుని ఆకారం మారుతుంది. అందుకే షుగర్ అదుపులో లేని రోజుల్లో తీసుకున్న అద్దాలు నెల తిరగకుండానే పనికిరాకుండా పోతాయి. చక్కెర కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పవర్ చూపించుకోవడం మంచిది. అంతకంటే తీవ్రమైనది రెటీనా దెబ్బతినడం. చదవడానికి వాడే చూపు రెటీనా మధ్యనున్న మాక్యులా అనే చిన్న భాగానిది. అక్కడ నీరు చేరితే వరుసలు వంగుతాయి, పదం మధ్యలో అక్షరం మాయమవుతుంది. లేజర్, కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు నష్టాన్ని చాలావరకు ఆపగలవు. చాలామందిలో మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోమనేది అందుకే.

గ్లకోమాలో మొదట పక్క చూపు పోతుంది. అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది కానీ తర్వాతి వరుస ఎక్కడ మొదలవుతుందో దొరకదు, బూడిదరంగు కాగితం మీది పలచటి అచ్చు కాగితంలో కలిసిపోతుంది. మాక్యులా క్షీణతలో దీనికి తలకిందులు: గది అంతా కనిపిస్తుంది, చూస్తున్న అక్షరమే కనిపించదు. ఇలాంటివారికి చూపును కొద్దిగా పక్కకు నిలిపి, బాగున్న భాగంతో చదవడం నేర్పిస్తారు. నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, కానీ సాధ్యమే.

కీళ్లవాతం ఉన్నవారిలో కొందరికి కన్నీటి తడి తగ్గుతుంది. వేళ్ల నొప్పితో లావుపాటి పుస్తకం పట్టుకోవడమూ కష్టమే. జబ్బుతో పాటు మందులనూ గమనించుకోవాలి. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే శుక్లాలు రావచ్చు, కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు. ఆ శుక్లం తరచుగా కటకం వెనుకభాగంలో ఏర్పడుతుంది, దూరపు చూపుకంటే ముందు చదివే చూపును చెడగొడుతుంది. కీళ్లవాతానికి, లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఏళ్ల తరబడి వాడేవారు రెటీనా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. క్షయకు వాడే ఇథాంబుటాల్ కొద్దిమందిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ మందు మీద ఉన్నవారికి చూపు తగ్గినా, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పక్షవాతం వచ్చినవారిలో కొందరికి రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం చూపు పోతుంది. తెలుగు ఎడమనుంచి కుడికి నడిచే లిపి. కుడి సగం పోతే రాబోయే మాట కనిపించదు, ఎడమ సగం పోతే వరుస మొదలు దొరకదు. దీన్ని ఇంట్లోవాళ్లు మతిమరుపుగానో అశ్రద్ధగానో పొరబడుతుంటారు. ఎడమ అంచున స్కేలో, రంగు కాగితమో నిలువుగా పెట్టుకుంటే వరుస పట్టుకోవడం తేలికవుతుంది.

అద్దాలు మార్చినా కనిపించకపోతే?

కళ్లద్దాలు, మందులు, ఆపరేషన్ తర్వాత కూడా మిగిలే చూపు లోపాన్ని ‘లో విజన్’ అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని నిర్వచించింది. మెరుగైన కంటిలో, అద్దాలు పెట్టుకున్నాక కూడా చూపు 6/18 మించకుండా 3/60 దాకా ఉంటే లో విజన్. అంటే 18 మీటర్ల దూరంనుంచి మామూలు కన్ను చదవగల అక్షరాన్ని 6 మీటర్లకు దగ్గరగా వస్తే తప్ప చదవలేని స్థితి. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల కంటే తక్కువై 10 డిగ్రీల దాకా ఉన్నా ఈ కోవలోకే వస్తుంది.

‘ఇక అద్దాలతో లాభం లేదు’ అని డాక్టరు అన్నారంటే చదవడం ముగిసిందని అర్థం కాదు, లో విజన్ విభాగానికి వెళ్లాల్సిన సమయం వచ్చిందని అర్థం. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి పెద్ద సంస్థల్లో ఇలాంటి విభాగాలున్నాయి. అక్కడ అడిగే ప్రశ్న వేరు. బోర్డు మీద ఏ వరుస కనిపిస్తోందని మాత్రమే కాకుండా, మీరు ఏం చదవాలనుకుంటున్నారని అడుగుతారు. పేపరు చదవడానికి ఒక పవర్, మందు సీసా చీటీకి మరొకటి కావాల్సి రావచ్చు.

భూతద్దం కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పవర్ పెరిగేకొద్దీ కాగితం దగ్గరకు రావాలి, ఒకేసారి కనిపించే అక్షరాలు తగ్గుతాయి. 4 డయాప్టర్ల కటకానికి కాగితం 25 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, 10 డయాప్టర్లయితే 10 సెంటీమీటర్లకు తేవాలి. అందుకే అన్నిటికంటే పెద్ద పవర్ అందరికీ నప్పదు. చేతులు వణికేవారికి కాగితం మీద నిలబడే స్టాండు భూతద్దం నయం.

ఖర్చు లేని ఉపాయాలూ ఉన్నాయి. దీపం బాగా కనిపించే కంటి వైపునుంచి, కాగితం మీదే పడేలా పెట్టుకోవాలి, కంటిలోకి కొట్టకూడదు. నల్లటి అట్టముక్కలో ఒక్క వరుస కనిపించేంత సన్నటి కిటికీ కోసి పేజీ మీద జరుపుకుంటూ పోతే మిరుమిట్లు తగ్గుతాయి, వరుస తప్పదు. నొప్పీ నిస్త్రాణా ఉన్నవారికి వ్యాసపీఠం లాంటి స్టాండు చేతుల భారం తగ్గిస్తుంది. డయాలసిస్‌లో, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు తమకు ఓపిక ఉండే వేళను గుర్తించి, ఆ అరగంటను చదవడానికి ఉంచుకోవచ్చు. ఆ రోజుల్లో నవల కంటే కథ, కథ కంటే కవిత సరిపోవచ్చు.

తెలుగు లిపికి ఒక ప్రత్యేక అవసరం ఉంది. మన ఒత్తులు అక్షరం కింద కూర్చుంటాయి, గుణింతాలు పైన. అక్షరం పెద్దది చేసి వరుసల మధ్య జాగా పెంచకపోతే పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు ఒకదానికొకటి తగులుకుంటాయి. ప, ఫ, ష వంటి అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీతదే. ఫోనులో చదివేవారు అక్షరం సైజుతో పాటు వరుసల ఎడమూ పెంచుకోవాలి.

చెవితో చదివితే చదివినట్టేనా?

అచ్చు పుస్తకాన్ని గొంతుగా మార్చే ఏర్పాటు కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 1935లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులను దృష్టిలో పెట్టుకుని గ్రామఫోన్ రికార్డుల మీద మాట్లాడే పుస్తకాలు మొదలయ్యాయి. 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియం రూపొందించిన పద్ధతిలో ఇప్పుడు వినే పుస్తకంలోనూ అధ్యాయం, పేజీ వెతుక్కోవచ్చు, గుర్తు పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టాక్‌బ్యాక్ తెర మీది పాఠాన్ని తెలుగులో చదివి వినిపించగలవు.

వినడం చదవడం ఎలా అవుతుందనే సందేహానికి తెలుగు సాహిత్యంలోనే జవాబుంది. రాజమహేంద్రవరంలో జీవించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946) చిన్ననాటినుంచీ చూపు లోపంతో బాధపడ్డారు, తర్వాతి కాలంలో పూర్తిగా కోల్పోయారు. ఇతరులు చదువుతుంటే విని, తాను చెబుతుంటే ఇతరులు రాయగా ఆయన సాహితీ జీవితం సాగింది.

చట్టం ఏమంటోంది?

భారత కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇక్కడ కీలకం. మామూలు అచ్చులో పుస్తకాన్ని చదవలేని వికలాంగుల కోసం దాన్ని పెద్దక్షరాల్లోకి, బ్రెయిలీలోకి, ఆడియోలోకి, కంప్యూటర్ పాఠంగా మార్చడం కాపీరైటు ఉల్లంఘన కాదని సెక్షన్ 52 చెబుతోంది. వ్యక్తులూ చేయవచ్చు, లాభాపేక్ష లేని సంస్థలూ చేయవచ్చు. చూపు కోల్పోయిన నాయనమ్మ కోసం మనవరాలు ఒక నవలను స్కాన్ చేసి ఇవ్వడం, చదివి రికార్డు చేయడం దొంగతనం కాదు. దాన్ని అమ్ముకోవడం, అందరికీ పంచిపెట్టడం మాత్రం కుదరదు.

అంతర్జాతీయంగా 2013లో మొరాకోలోని మర్రకేష్ నగరంలో ఒక ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం భారత్. 2016 సెప్టెంబర్ 30నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇది అంధులకు మాత్రమే పరిమితం కాదు. సరిచేయలేని చూపు లోపం ఉన్నవారు, డిస్‌లెక్సియా వంటి చదివే ఇబ్బంది ఉన్నవారు, శారీరక వైకల్యం వల్ల పుస్తకం పట్టుకోలేనివారు, కంటిని కదిలించలేనివారు కూడా లబ్ధిదారులే. వేళ్లు వంకరపోయిన కీళ్లవాత రోగి కూడా ఈ నిర్వచనంలోకి రావచ్చు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

కేంద్ర ప్రభుత్వ వికలాంగుల సాధికారత విభాగం, డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా తదితరులతో కలిసి 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. అచ్చు చదవలేని స్థితికి ఆధారం చూపి సభ్యులైనవారు భారతీయ భాషల పుస్తకాలను దించుకోవచ్చు.

తెలుగులో అడ్డంకి ఎక్కడుంది?

చదివి వినిపించే యంత్రానికి కావాల్సింది యూనికోడ్ పాఠం. తెలుగు పుస్తకాల్లో ఎన్నో దశాబ్దాలుగా పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినవే. వాటి పీడీఎఫ్ మన కంటికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. ఇంటర్నెట్‌లో దొరికే పాత పుస్తకాలు ఎక్కువగా పేజీల ఫొటోలు. యంత్రం వాటిని గుర్తించి పాఠంగా మార్చగలదు కానీ, ఒత్తుల దగ్గర, వెలిసిన అచ్చు దగ్గర తప్పులు చేస్తుంది. ఎవరో ఒకరు కూర్చుని సరిదిద్దాలి.

దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలను యూనికోడ్‌లో కూర్చి, అచ్చు కాపీతో పాటు పాఠాన్నీ భద్రపరిస్తే రేపటి పాఠకుడికి సగం పని అయిపోతుంది. పాత పుస్తకాల విషయంలో తెలుగు వికీసోర్స్ స్వచ్ఛంద కార్యకర్తలు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. రచయిత మరణించిన 60 ఏళ్లకు కాపీరైటు ముగిసిన గ్రంథాలను పేజీ తర్వాత పేజీ యూనికోడ్‌లోకి తెస్తున్నారు.

ఆ లెక్కన చిలకమర్తి రచనల కాపీరైటు 2006తోనే ముగిసింది. ఆయన నోటితో చెప్పి రాయించిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి ఎక్కిస్తే, చూపు తగ్గిన పాఠకుడు ఫోనులో పెట్టుకుని వినగలడు. ‘పేపరు మానేశాను’ అన్నవారికి ఇంట్లోవాళ్లు చేయగల మొదటి సాయం ఆ ఫోనులో తెలుగు గొంతు ఎలా పెట్టుకోవాలో ఓపిగ్గా చూపించడమే.