డీ డ్రైవ్ వెనుక కథ

తిరుపతికి 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1959లో దాని ఇంజినీరింగ్ కాలేజీ, 1996లో ఎ.రంగంపేట దగ్గర శ్రీవిద్యానికేతన్, 2015లో ఐఐటీ వెలిశాయి. ఇంతమంది విద్యార్థులున్న చోట విండోస్ ఎక్కించడం కూడా ఒక చేతిపనే.

ఆ పనికో ఆనవాయితీ ఉండేది. సీ డ్రైవ్‌లో విండోస్, డీలో చదువు ఫైళ్లు, ఈలో పాటలూ సినిమాలూ. వైరస్ పడితే సీ ఒక్కటే ఫార్మాట్ కొట్టేవారు, మిగతావి భద్రం.

ఈ పంపకాల మూలం 1983లో ఉంది. 10 ఎంబీ హార్డ్‌డిస్క్‌తో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు, పీసీ డాస్ 2.0 డిస్క్ మొదటి సెక్టార్‌లోనే పార్టిషన్ల పట్టిక పెట్టింది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో పట్టికకు దక్కింది 64. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు కావాలి కనుక నాలుగింటికే చోటు. అంతకు మించి కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, దాని కడుపులో లాజికల్ డ్రైవ్‌లు పెట్టాల్సిందే. సెక్టార్ నంబరుకు 32 బిట్లే ఇవ్వడంతో 2 టీబీ దగ్గర ఈ ఎంబీఆర్ పద్ధతి ఆగిపోయింది.

ఇటానియం సర్వర్ల కోసం కంప్యూటర్‌ను బూట్ చేసే పాత బయాస్‌కు బదులుగా 1990లలో ఇంటెల్ మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరం చేతికి వెళ్లింది. పాత బయాస్ మొదటి సెక్టార్‌లో ఉన్న కోడ్‌ను నడిపేసి ఊరుకునేది. యూఈఎఫ్ఐకి ఫైళ్లు చదవడం వచ్చు. అందుకే బూట్ ఫైళ్ల కోసం ఫ్యాట్32లో ఒక చిన్న ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అడుగుతుంది. పార్టిషన్ల పట్టికా మారింది, దాని పేరు జీపీటీ. మామూలుగా 128 పార్టిషన్లకు చోటు, డిస్క్ చివర దానికో నకలు.

2012లో విండోస్ 8 ల్యాప్‌టాప్‌లతో ఇది మామూలు జనం దాకా వచ్చింది. డ్రైవ్ అక్షరం లేని ఆ 100 ఎంబీ ఈఎఫ్ఐ ముక్కను పనికిరానిదనుకుని చెరిపేస్తే విండోస్ లేవదు. పాత ఎంబీఆర్ డిస్క్ మీద యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కించబోతే సెటప్ ఒప్పుకోదు. పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్‌లో ఎంబీఆరా, జీపీటీయా అని ముందే ఎంచుకోవాల్సి వచ్చింది.

2021లో విండోస్ 11 యూఈఎఫ్ఐని తప్పనిసరి చేసింది. ఉన్న ఫైళ్లు పోకుండా పాత డిస్క్‌ను జీపీటీకి మార్చేందుకు మైక్రోసాఫ్ట్ 2017లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఇచ్చింది. చిక్కల్లా అది ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లున్న డిస్క్‌ను ముట్టుకోదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డీ, ఈ డ్రైవ్‌లను చేసింది సరిగ్గా ఆ పద్ధతిలోనే. అలాంటి డిస్క్‌లో ఉన్న పాటలూ ఫొటోలూ ముందు వేరే డిస్క్‌కు కాపీ చేసుకుని, ఆ పార్టిషన్లు తీసేశాకే ఈ టూల్‌తో పని.