టి-5: జర్మనీలో మస్టాంగ్ పేరు

పాత ఫోర్డ్ మస్టాంగ్ ముందు ఫెండర్ మీద కారు పేరు ఉండాల్సిన చోట ‘టి-5’ అని ఉంటే, అది పశ్చిమ జర్మనీకి తయారైన బండి కావచ్చు. స్పానిష్‌లో యజమాని లేని పశువును సూచించే మాట నుంచి వచ్చింది మస్టాంగ్. 1964లో ఈ కారు వచ్చేసరికే జర్మనీలో క్రుప్ సంస్థ ఆ పేరుతో లారీలు అమ్ముతోంది, హక్కూ దానిదే. అందుకే అక్కడ 1970ల చివరి దాకా ఫోర్డ్ తన కారును టి-5గానే అమ్మింది. గ్రిల్ మీది గుర్రాన్ని మాత్రం తీయలేదు.

ఫెండర్ అక్షరాలు ఎవరైనా అతికించగలరు. అందుకే ముందు డ్రైవర్ తలుపు అంచున ఉన్న ప్లేటు చూడాలంటాను. 1965, 66 బళ్లలో డీఎస్ఓ (జిల్లా అమ్మకాల కార్యాలయం) గడిలో 90 నుంచి 99 వరకు ఏ సంఖ్య ఉన్నా అది ఎగుమతి ఆర్డరు. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉందా అన్నదీ చూడాలి. బానెట్ ఎత్తితే రెండు షాక్ టవర్లనూ ఇంజిన్ వెనక గోడకు బిగించిన ఒకే ముక్క ఉక్కు బ్రేస్ కనిపిస్తుంది. ఇదే బ్రేస్ షెల్బీ మస్టాంగ్‌లలోనూ ఉంటుంది, కాబట్టి అదొక్కటే రుజువు కాదు.