రాగి గని సొమ్ము – చదువుల తల్లి ఒడి
(క్లీవ్‌లాండ్ డాడ్జ్ జీవితం)

చదువు కోసం సొమ్ము ఇచ్చినవారిని లోకం తరతరాలుగా తలుచుకుంటుంది. తలుచుకోవాల్సిందే. అయితే ఆ సొమ్ము ఎవరి చెమటలోంచి వచ్చిందని అడగడం కూడా చరిత్ర పనే. అమెరికా రాగి గనుల వారసుడు క్లీవ్‌లాండ్ హోడ్లీ డాడ్జ్ జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

డాడ్జ్ 1860లో న్యూయార్కులో పుట్టారు. తాత విలియం డాడ్జ్, ఆయన మామ ఆన్సన్ ఫెల్ప్స్ కలిసి పెట్టిన ఫెల్ప్స్ డాడ్జ్ సంస్థ ముందు పత్తి, లోహాల వర్తకం చేసేది. 1881లో ఆరిజోనా రాగి గనుల్లో పెట్టుబడి పెట్టింది. అప్పుడే కరెంటు యుగం మొదలైంది. తీగలకు రాగి కావాలి కదా! ఇక సంపదకు కొదవేముంది? మనవడు డాడ్జ్ ప్రిన్స్టన్‌లో 1879లో పట్టా పుచ్చుకుని కంపెనీలో చేరి, దాని పెద్దల్లో ఒకరయ్యారు. ఆయనతో చదువుకున్న ఉడ్రో విల్సన్ తరువాత దేశాధ్యక్షుడయ్యారు.

డాడ్జ్ దృష్టి తూర్పు దేశాల తాలీమ్ మీద పడింది. ఇస్తాంబుల్‌లో 1863లో మొదలైన రాబర్ట్ కాలేజీకి ధర్మకర్తల మండలి అధ్యక్షులుగా పనిచేశారు. బీరూట్‌లో 1866లో 16 మంది విద్యార్థులతో మొదలైన కాలేజీకి ఆ కుటుంబం ఆది నుంచీ అండ. రెండూ క్రైస్తవులు పెట్టినవే గాని, వాటిలో ముస్లిం పిల్లలూ చదువుకున్నారు.

1917లో అమెరికా ప్రపంచ యుద్ధంలో దిగింది. తుర్కీ మీద కూడా యుద్ధం ప్రకటించాలని కొందరు పట్టుబట్టారు. వద్దని డాడ్జ్ తన పాత మిత్రుడు విల్సన్‌ను వేడుకున్నారు. ఆయన కూతురు ఇస్తాంబుల్‌లో, కొడుకు బీరూట్‌లో ఉన్నారు మరి. తుర్కీ మీద అమెరికా యుద్ధం ప్రకటించనే లేదు. కాలేజీల తలుపులు మూతపడలేదు.

అదే 1917 జులై 12న ఆరిజోనాలోని బిస్బీలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. అక్కడ ఈ కంపెనీ గని కార్మికులు సమ్మెలో ఉన్నారు. కంపెనీ అండతో సాయుధులు తెల్లవారుజామున ఇళ్ళమీద పడి, సుమారు 1,200 మందిని పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి, ఎడారి దాటించి న్యూమెక్సికోలో వదిలేశారు. ఇది చట్టవిరుద్ధమని అధ్యక్షుడు నియమించిన సంఘమే తేల్చింది. అయినా ఒక్కరికీ శిక్ష పడలేదు. దూరదేశపు విద్యార్థికి దక్కిన దయ సొంత గని కూలికి దక్కలేదు!

డాడ్జ్ 1926లో కన్నుమూశారు. కొడుకు బేయర్డ్ డాడ్జ్ 1923 నుంచి 1948 దాకా బీరూట్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షులు. ఆయన అరబ్బీ నేర్చి, అల్ అజ్‌హర్ చరిత్ర రాశారు. వెయ్యేండ్ల నాటి బాగ్దాద్ పుస్తక వ్యాపారి ఇబ్నె నదీమ్ కూర్చిన కితాబుల పట్టిక 'ఫిహ్రిస్త్'ను ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1970లో అచ్చయింది. తాత తండ్రుల రాగి సొమ్ము ఆ విధంగా ఇల్మ్ సేవకు చేరింది.

కాబట్టి సోదర సోదరీమణులారా, డాడ్జ్ పేరు తీసేటప్పుడు రెండు లెక్కలూ చూడండి. బడికి ఇచ్చినది పుణ్యమే, కాని అది కూలివాడి బాకీని మాఫీ చేయదు. కూలికి హక్కు ఇచ్చి, బడికి చందా ఇచ్చినప్పుడే ఆ దానం నిండు దానం.