నీటి బుడగల కబురు

వేలితో తట్టి కుండ మంచిదో కాదో చెప్పడం మన ఆడవాళ్లకి కొత్త కాదు. గ్యాసు సిలిండరు మీద చెంచాతో కొట్టి ఇంకెన్నాళ్లొస్తుందో చెప్పే ఘనులూ ఉన్నారు. అలా సముద్రాన్ని తట్టి, చేపలెక్కడున్నాయో చెప్పిన అన్నదమ్ములు జపానులో ఉన్నారు.

నాగసాకి ప్రాంతంలో కుచినోత్సు అని ఒక రేవు. 1938లో అక్కడ ఫురునో కియోతాకా అనే కుర్రవాడు రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టాడు. తర్వాత పడవలకు కరెంటు పనులు కూడా చేసేవాడు. ఆ తీరంలో రాత్రిళ్లు దీపాల వెలుగుతో చేపల్ని రప్పించి వల వేస్తారు. ఆ దీపాలకు తీగలు లాగడం ఇతని పని. పని చూసుకుని డబ్బులు పుచ్చుకుని పోవచ్చుగా? పోలేదు. చేపలున్నచోట బుడగలు లేస్తాయని ఒక అనుభవశాలి చెప్పగా విని, బుడగకి శబ్దం తగిలితే తిరిగి రావాలి కదా అని పట్టుకున్నాడు.

శబ్దంతో లోతు కొలవడం అప్పటికే ఉంది. యుద్ధం ముగిశాక సైన్యం వాడి వదిలేసిన అలాంటి యంత్రాలతోనే తమ్ముడు కియోకాతా, తనూ తంటాలు పడ్డారు. ఉప్పునీటిలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో పదోవంతు పట్టిందంటే అడ్డు తగిలినది 75 మీటర్ల లోతున ఉన్నట్టు. చాలా చేపల కడుపులో ఒక గాలితిత్తి ఉంటుంది. శబ్దం ముఖ్యంగా దానికి తగిలే వెనక్కి మళ్లుతుంది. బుడగల మాట వృథా పోలేదన్నమాట, గాలి గాలే!

1948లో యంత్రం అమ్మకానికొచ్చింది. చేపల జాడ తీయడానికి నిజంగా పనికొచ్చిన మొదటి యంత్రం ప్రపంచంలో అదే. కానీ తాతలనాటి నుంచీ నీటి రంగు చూసి వల వేసేవాళ్లకి ఓ పెట్టె వచ్చి పాఠం చెబితే నమ్ముతారా? నన్నడిగితే వాళ్ల అనుమానం సబబే. పెట్టె మాట తప్పితే ఆ రాత్రి ఖర్చంతా నెత్తినపడేది వాళ్లకి, వాళ్ల ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలికీను. చివరికి 1949లో గోటో దీవుల్లోని ఇవాసెఉరా రేవులో, యంత్రం చెప్పిన చోట వేసిన వలలు నిండాకగాని గురి కుదరలేదు.

ఆ పెట్టె చిక్కి చిక్కి ఇప్పుడు కయాక్‌లోకి చేరింది. ఒకప్పుడు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్లు సీలు చర్మం కప్పి చేసుకున్న ఒంటిమనిషి పడవ అది. ఇప్పటి ప్లాస్టిక్ కయాకుల మీద సరదాకి చేపలు పట్టేవాళ్లు అరచేతంత తెర, 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజు, రంగు దీపాలు బిగించుకుంటున్నారు. ఉప్పునీరు తగిలితే రాగితీగకి చిలుమెక్కుతుంది గనుక అతుకులన్నీ మూసిపెట్టుకోవాలి. పెళ్లివారిల్లంత హంగామా! తీరా చూస్తే, 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు తెడ్డు పడవని కనీసంగా అడిగేది ఒక్క తెల్లటి టార్చిలైటు, లేదా వెలిగించిన లాంతరు. దాన్ని చేతికందేలా ఉంచుకుని, ఎదురొచ్చే ఓడ గుద్దుకోక ముందే చూపించాలి.