ఎవరిని అడిగితే వారి చరిత్ర

నెల్లూరు సీమలో, సముద్రతీరానికి చేరువగా ఉన్న చిట్టమూరు ప్రాంతంలో మల్లాం అనే గ్రామం ఉన్నది. అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరాలయం ప్రసిద్ధమైనది; పల్లవుల నాటి శాసనాలు ఆ గ్రామంలో లభించాయి. నెల్లూరు జిల్లా శాసనాలను బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గారలు సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. ఇటువంటి శాసనాలలో దానమిచ్చినవారి పేరు, పుచ్చుకొన్న దేవుని పేరు, భూమి ఎల్లలు, దానాన్ని చెరచినవారికి కలిగే పాపం స్పష్టంగా కనిపిస్తాయి. ఆ భూమిని దున్నినవారెవరో, కరువునాడు వారేమి తిని బ్రతికారో రాయి చెప్పదు. ఆ మాట మనుషులే చెప్పగలరు. అయితే వారిని అడిగేవారు ఉండాలి.

పెద్దలను అడిగి వ్రాసుకొనే పద్ధతి మనకు కొత్త కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ కొలువులో పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య, వారి సహాయకులు ఊరూరా తిరిగి స్థానిక వృత్తాంతాలను సేకరించారు. బొర్రయ్య 1803లో మరణించేనాటికి ముప్పై ఏండ్లు కూడ నిండని యువకుడు. ఆనాడు వారు పోగుచేసిన కైఫీయతులు లేకపోతే ఎన్నో గ్రామాల పూర్వకథ మనకు దక్కేది కాదు. కాని వారు అడిగినది చాలవరకు కరణాలను, అర్చకులను, గ్రామపెద్దలను. అందుచేత కైఫీయతులలో రాజులు, ఆలయాలు, మాన్యాలు, చెరువులు దండిగా కనిపిస్తాయి. నాట్లు వేసిన స్త్రీ, వల వేసిన జాలరి, పురుడు పోసిన మంత్రసాని అరుదుగా కనిపిస్తారు.

అడుగకపోవడం వల్ల కలిగే నష్టం పుస్తకంలోని ఒక లోటుతో ముగియదు. ఇందుకు ఈ తీరంలోనే నిదర్శనం ఉన్నది. చేపలు పట్టి, పొలాలలో ఎలుకలు పట్టి, అడవిలో తేనె, వంటచెరకు, మూలికలు తెచ్చి జీవించిన యానాదులను గురించి అధికారులు వ్రాశారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలలోనూ వారి ప్రసక్తి ఉన్నది. ఆ వ్రాతలన్నీ ఇతరులు వారిని చూచి వ్రాసినవి. తుదకు నేరస్థ తెగల చట్టం వారిమీద కూడ పడింది. ఆ చట్టం క్రింద పేరు నమోదైనవాడు వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల ఎదుట హాజరు పలుకాలి. ఒక తెగను నేరస్థులుగా ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని న్యాయస్థానంలో వాదించే వీలును కూడ 1911 నాటి చట్టం ఇవ్వలేదు. నెల్లూరు సీమవారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల పక్షాన దశాబ్దాలపాటు శ్రమించి, వారిని గురించి 1962లో గ్రంథం ప్రకటించారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం రద్దయింది. ఒక జాతి మాట వినకుండా ఆ జాతిని గురించి వ్రాసిన వ్రాత ఎంతటి సంకెల కాగలదో దీనివల్ల తెలుస్తున్నది.

ఇంతటి పని విద్యార్థుల వల్ల అవుతుందా అని కొందరు సందేహించవచ్చు. ఐర్లండులో 1937 మొదలు 1939 వరకు దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఈ పని చేశారు. వారపు వ్యాసరచనకు కేటాయించిన వేళలో, తాతలు అవ్వలు చెప్పిన సంగతులు నోటుపుస్తకాలలో వ్రాశారు. పాత వృత్తులు, ఇంటి వైద్యాలు, కరువు రోజులు, పెనుగాలులు అన్నీ అందులో ఉన్నాయి. అవి నేడు దాదాపు 7,40,000 పుటలుగా భద్రంగా ఉన్నాయి. మన భాషలో 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రకటించారు. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలను ఆ తరువాతి తరం స్త్రీలు అడిగి తెలుసుకొన్న జీవితకథలవి. పోరాటచరిత్రలు అంతకుముందు ఉన్నవే. ఆకలి, కాన్పు, బిడ్డల ఎడబాటు, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగివచ్చిన స్త్రీకి ఎదురైన నిరాదరణ మాత్రం వారిని అడిగిన తరువాతనే వెలుగులోకి వచ్చాయి.

ఇక చిట్టమూరు ప్రాంతపు విద్యార్థి తన ఊళ్ళో అడుగబోతే ఎలా అడగాలి? “మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?” అంటే చాలమంది వృద్ధులు మౌనం వహిస్తారు. “అవ్వా, ఆ పెద్ద గాలివాననాటికి నీకు పెండ్లి అయిందా? చంకలో బిడ్డ ఉన్నదా?” అంటే లెక్క తానే వస్తుంది. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరం దాటిన తుపాను ఈ సీమకు అటువంటి గుర్తు. శ్రీహరికోట నుండి 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరింది. అంతకుముందు ఆ దీవిలో వెలసిన ఊళ్ళ సంగతి మరొక గుర్తు. పూర్వులు తెలుగు సంవత్సరాల పేర్లతోనే ఆపదలను తలచుకొనేవారు. 1832 నాటిది నందన కరువు. 1876లో ఆరంభమైనది ధాత కరువు. అయితే ఆ పేర్లు అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తాయి. 1984 రక్తాక్షి, 1924 కూడ రక్తాక్షియే. అవ్వ చెప్పినది తాను చూచిన రక్తాక్షియో, తల్లి నోట విన్న రక్తాక్షియో విద్యార్థి విచారించి తెలుసుకోవాలి.

జ్ఞాపకం పొరబడవచ్చు. ఇద్దరు రెండు విధాల చెబితే రెండూ వ్రాయాలి. ఊరి రికార్డులతో, ఆనాటి పత్రికలతో పోల్చిచూడాలి. అడిగేవారిని బట్టి కూడ సమాధానం మారుతుంది. భూమిగల ఇంటి బిడ్డ వెళ్ళి, ఆ ఇంట పాలేరుగా బ్రతికిన వృద్ధుని అడిగితే, “మీ తాతగారు ధర్మాత్ములు నాయనా” అన్న మాటతోనే కథ ముగియవచ్చు. అదే వృద్ధుడు తన మనుమరాలితో వేరొక విధంగా మాట్లాడవచ్చు. కాబట్టి ఏ ఒక్క ఇంటి పిల్లలో కాక, అన్ని పేటల పిల్లలూ ఈ పనికి పూనుకోవాలి. చెప్పలేనని తల వంచుకొన్నవారిని బలవంతపెట్టకూడదు.

గూడూరు తాలూకాలో ఉండిన ఈ ప్రాంతం 2022లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారిన సంగతి ప్రభుత్వ కాగితాలు దాచి ఉంచుతాయి. శ్రీహరికోట దీవిలో సంసారం చేసిన ఇల్లాలి మాటను దాచే కాగితం మనమే సమకూర్చాలి. ఆనాడు ఇరువది ఏండ్ల వయసున్నవారు నేడు డెబ్బదులు దాటారు. చేతిఫోనులోనే మాటను పట్టి ఉంచగల ఈ రోజులలో సాధనం లేదని ఎవరూ అనలేరు.

ఒక్క నియమం మాత్రం విద్యార్థులు మరువరాదని మా మనవి. వ్రాసినదానిని ముందుగా చెప్పినవారికే చదివి వినిపించాలి. వద్దన్న మాట తీసివేయాలి, తప్పన్న మాట దిద్దాలి. పూర్వం యానాదుల పేర్లు రిజిస్టరుకెక్కినప్పుడు ఈ పాటి మర్యాద వారికి దక్కలేదు.