తాపీ వరద, జీపులో రేడియో

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ వదిలిన నీటితో తాపీ నది సూరత్‌ను ముంచెత్తినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అందుకే వరద చరిత్రలో నీటిమట్టంతో పాటు మాట తెగిన తీరునూ రాయాలంటాను. దాదాపు రెండేళ్ల ముందు, 2004 సునామీలో, అండమాన్ కబుర్లను హామ్ రేడియో, అంటే లైసెన్సుతో ఔత్సాహికులు నడిపే రేడియో, మోసింది. ఇప్పుడు సెల్ టవర్లున్నాయిగా అనవచ్చు. టవర్ బతికేది కరెంటుతో, డీజిల్‌తో. జీపులో బిగించిన హామ్ సెట్టుకు బయటి కరెంటు అక్కర్లేదు, జీపు బ్యాటరీ చాలు: బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ, మొదట్లోనే ఫ్యూజు, ఇనుప టాపు నడిమధ్య యాంటెన్నా. జీపూ మునగొచ్చు, నిజమే. అందుకే మెరక మీద నిలపండి; కదలకపోయినా సెట్టు మాట్లాడుతుంది. లైసెన్సు తీసుకుని, వానలకు ముందే బిగించండి.