మునిగిన గుళ్ళు, మా మాగాణి

మొన్న చలికాలంలో ఒక శనివారం, షామ్‌బర్గ్‌లో మంచు దంచికొడుతుంటే, మిత్రుడింట్లో భోజనాలయ్యాక గ్రీసు ఫోటోల ప్రదర్శన మొదలైంది. ఏథెన్సులో కారూ గైడూ మాట్లాడుకుని, ఒక రోజంతా వాళ్ళే సొంతంగా సూనియన్ చూసొచ్చారట. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున పోసీడాన్ గుడి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఎక్కడ కట్టారో ఇప్పటికీ అక్కడే ఉంది. పైకప్పు పోయినా తెల్లటి స్తంభాలు మాత్రం ఠీవిగా నిలబడి ఉన్నాయి.

తిరిగొస్తుంటే కార్లో మా అమ్మాయి అడిగింది, "నాన్నా, మన ఊరి దగ్గర ఇంత పాత గుళ్ళు లేవా?"

"ఉన్నాయి, కాకపోతే నీళ్ళ కింద ఉన్నాయి" అన్నాను. జోకనుకుంది.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు మేమూ ఒక కారు, ఒక గైడు మాట్లాడుకున్నాం. గైడంటే మాచర్లలో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. మా నాన్నగారు కూడా బయల్దేరారు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జున కొండకి.

లాంచీ నడుమ దాకా వచ్చాక మాస్టారు రెయిలింగు మీంచి కిందికి చూపించి, "ఇదేనమ్మా విజయపురి. ఇప్పుడు మనం దాని మీదే పోతున్నాం" అన్నారు మా అమ్మాయితో.

సంగతేంటంటే, శాతవాహనుల తరవాత, 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులకి రాజధాని ఈ లోయే. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు ఇక్కణ్ణించే ఏలారు. బౌద్ధ స్తూపాలూ విహారాలూ ఒకవైపు, కృష్ణ ఒడ్డున పుష్పభద్రస్వామి, కార్తికేయుడు, అష్టభుజస్వామి ఆలయాలు ఇంకోవైపు. సేనాపతి ఎలిశ్రీ కట్టించిన సర్వదేవాలయం సరేసరి. దక్షిణాదిలో బయటపడ్డ అతి పాత హిందూ ఆలయాల్లో ఇవీ ఉన్నాయి. ఆ వంశం పోయాక ఊరూ పోయింది, అడవి కమ్మేసింది. 1926లో ఈ శిథిలాలు మళ్ళీ లోకం దృష్టికి వచ్చాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు.

అంతలో డ్యాం వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్ళొచ్చేలోగా లోయంతా తవ్వాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో ఒక యజ్ఞమే జరిగింది. వందకు పైగా కట్టడాలు తవ్వారు. తొమ్మిదింటిని రాయి రాయీ విప్పి కొండ మీదకి తెచ్చి కట్టారు, కొన్నిటిని అనుపుకి తరలించారు. మిగతావన్నీ మునిగిపోయాయి. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్ళు కదిలించింది 1964-68లో. అది ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అంతకు ముందే మనవాళ్ళు చేసిన ఈ పని మనలోనే ఎంతమందికి తెలుసంటారు?

కొండ మీద స్నానఘట్టం చూశాం. నదిలోకి దిగాల్సిన రాతిమెట్లు కొండ మీద కూర్చున్నాయి. మ్యూజియంలో మా అమ్మాయి ఒక స్తంభం ముందు ఆగిపోయింది. గడ్డంతో, చేతిలో కొమ్ము ఆకారంలో ఉన్న మద్యపాత్రతో ఒక మనిషి. పండితులు దీన్ని గ్రీకుల డయోనిసస్‌తో పోల్చారు. "వీడిక్కడికెలా వచ్చాడు?" అంది. మాస్టారు బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం సంగతి చెప్పారు. సింహళ భిక్షువులు ధర్మం చాటిన దేశాల పట్టికలో కాశ్మీరం, చీనా, వంగం వగైరాలతో పాటు యవన దేశం పేరూ ఉందట. యవనులంటే మొదట గ్రీకులే, తరవాత పడమటివాళ్ళందరినీ అలాగే పిలిచారు. మనం గ్రీసు చూసి ముచ్చటపడుతున్నామా, 1700 ఏళ్ళ కిందటే గ్రీసు మాట పల్నాడు దాకా వచ్చిందన్నమాట!

మధ్యాహ్నం అనుపులో ఆ కాలపు రంగస్థలం చూశాం. గ్రీకులది కొండవాలున అర్ధచంద్రంలా ఉంటుంది. ఇది దీర్ఘచతురస్రం, నాలుగు వైపులా మెట్లు. నడుమ నిలబడి మా అమ్మాయి చప్పట్లు కొడితే పై మెట్టు మీద నాకు స్పష్టంగా వినిపించింది.

అప్పుడడిగింది అసలు ప్రశ్న. "తాతయ్యా, ఇంత మంచి ఊరిని ముంచేస్తుంటే ఎవరూ వద్దనలేదా?"

మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళొదిలారు. అప్పటికి ఆయనకి పన్నెండేళ్ళు. మాకున్న ఐదెకరాల మెట్ట కుడికాలవ వల్లే మాగాణి అయింది. ఆ వడ్లమ్మిన డబ్బుతోనే నా ఇంజనీరింగు ఫీజు కట్టారు. అంటే నా షామ్‌బర్గ్ ఇల్లు, మా అమ్మాయి గ్రీసు పాఠం, అన్నిటి మొదలూ ఆ నీళ్ళే.

"మా ఇంట్లో ఆరోజు పండగమ్మా" అన్నారు చివరికి. "ఇక్కడ ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్నవాళ్ళున్నారని మాకు తట్టనే లేదు. గుళ్ళ సంగతి దేవుడెరుగు."

డ్యాం కట్టకుండా ఉండాల్సిందని నేననలేను, ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి. కానీ నలభై ఏళ్ళొచ్చేదాకా, ఇంటికి మూడు గంటల దూరంలో ఉన్న ఈ చోటికి ఒక్కసారైనా రాకపోవడానికి మాత్రం నా దగ్గర సాకు లేదు. మీకూ ఆ కాలవల కింద పొలముంటే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఒక రోజు అటు కేటాయించండి. పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళండి.

వచ్చేటప్పుడు లాంచీలో మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని నీళ్ళలోకే చూస్తూ కూర్చుంది. ఏం కనిపిస్తోందని అడిగితే, "ఏమీ లేదు. కానీ ఉంది కదా" అంది.